ఔషధ గంజాయి: తోట పెరిగినచో గుణము పెరుగునా?

“తులసి వనంలో గంజాయి మొక్క” అనునది తెలుగువారందరు ఎరిగిన సామెత. మంచివారి నడుమ చేరిన చెడ్డవానిని గూర్చి ఈ మాట వాడుదురు. గంజాయికి లోకమున గల అపకీర్తి అట్టిది. అది నిష్కారణమైనదియు కాదు. మత్తునకు అలవాటుపడి చదువును, ఆరోగ్యమును పోగొట్టుకొనిన యువకులెందరో కలరు. ఐనను ఈ మొక్కనే నేడు కొన్ని దేశములలో ప్రభుత్వముల అనుమతితో, తాళము వేసిన గాజుగృహములలో, మందు కొరకు పెంచుచున్నారు. విషమని పేరుపడిన మొక్కనుండి మందు లభించుట వైద్యశాస్త్రములో కొత్త కాదు. గసగసాల మొక్క పాలనుండి నొప్పిని హరించు మార్ఫీను, డిజిటాలిసు ఆకునుండి గుండెజబ్బు మందు లభించినవి.

కాని మందు అనిపించుకొనుటకు కొన్ని నిబంధనలు కలవు. నిన్నటి మోతాదులో ఎంత సారమున్నదో నేటి మోతాదులోను అంతే ఉండవలెను. అందులో బూజు, పురుగుమందు, సీసము వంటివి ఉండరాదు. పొట్లముపై వ్రాసినదే పొట్లములో ఉండవలెను. ఏకరూపత, శుభ్రత, సత్యము అను ఈ మూడును కలిసినదే మందుయొక్క గుణము. మూర్ఛలతో బాధపడు పసిబిడ్డకు గాని, కాన్సరు చికిత్సవలన రోగనిరోధకశక్తి క్షీణించిన రోగికి గాని ఇచ్చు మందులో వీనిలో ఏది లోపించినను ప్రాణమునకే ముప్పు రావచ్చును.

ఈ గుణము తోట పెద్దదైనంతమాత్రమున వచ్చునా? చట్టము చేసినంతమాత్రమున వచ్చునా? గడచిన ఇరువదియైదు సంవత్సరములలో హాలండు, కెనడా, బ్రిటను దేశముల అనుభవమును పరిశీలించినచో ఈ ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

మొక్కలో మందు ఎక్కడ ఉన్నది?

గంజాయిలో బొప్పాయి వలెనే ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరువేరుగా ఉండును. ఆడ మొక్క పూగుత్తులపై సన్నని నూగు ఉండును. భూతద్దములో చూచినచో ఆ నూగు కొసలయందు గుండుసూది తలవంటి చిన్న బుడగలు కనిపించును. మందునకు పనికివచ్చు జిగురు ముఖ్యముగా ఈ బుడగలలోనే ఊరును. పుప్పొడి సోకి గింజ కట్టినచో మొక్క శక్తి గింజవైపునకు పోయి జిగురు తగ్గును. అందుచేత మందుతోటలో మగ మొక్కకు చోటు లేదు.

ఈ జిగురులో కన్నబినాయిడులు అను పదార్థములు నూరుకు పైగా కనుగొనబడినవి. వానిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది టెట్రాహైడ్రోకన్నబినాల్, క్లుప్తముగా టి.హెచ్.సి. అందురు. మత్తు కలిగించునది ఇదియే. వాంతులను, కొన్ని రకముల నొప్పిని, కండరముల బిగువును తగ్గించుటకు ఉపయోగపడునదియు ఇదియే. రెండవది కన్నబిడయాల్, అనగా సి.బి.డి. దీనివలన మత్తు కలుగదు. కొన్ని రకముల మూర్ఛలు తగ్గును. టి.హెచ్.సి. నిర్మాణమును 1964లో ఇజ్రాయిలు శాస్త్రజ్ఞులగు గావొని, మెషూలం వెల్లడించిరి.

ఇందు ఒక విశేషము కలదు. పచ్చిపూవులో టి.హెచ్.సి. బహు స్వల్పము. అందులో ఉండునది దాని ఆమ్లరూపము. వేడి తగిలినపుడు ఆ ఆమ్లము బొగ్గుపులుసు వాయువును విడిచి టి.హెచ్.సి.గా మారును. ఆ టి.హెచ్.సి. చాలకాలము గాలికి, వెలుతురుకు గురియైనచో కన్నబినాల్ అను బలము తక్కువైన పదార్థముగా మారును. కనుక మొక్క నాటినది మొదలు రోగి వాడువరకు వెలుగు, వేడి, తేమ, నిలువ అన్నియు మందు పరిమాణమును మార్చుచునే యుండును.

వంగదేశపు పాఠము

ఈ చిక్కు నేటిది కాదు. కలకత్తా వైద్యకళాశాలలో ఆచార్యుడైన విలియం బ్రూక్ ఓషానెస్సీ 1839లో గంజాయి సారముతో తాను చేసిన చికిత్సలను వివరించెను. ధనుర్వాతము, పసిబిడ్డల మూర్ఛ అందులో చేరియున్నవి. ఆయన వలన ఈ మందు ఐరోపాకు తెలిసి అచ్చటి ఔషధసంహితలలో చోటు సంపాదించెను. కాని ఒక ఓడలో వచ్చిన సరుకు తీవ్రముగా పనిచేయగా మరియొక ఓడలోనిది ఏమియు పనిచేయకపోవుట వైద్యులను విసిగించినది. మోతాదు నిర్ణయించుటకు దారి లేకపోయెను. తుదకు 1932లో బ్రిటిషు ఔషధసంహితనుండి, 1942లో అమెరికా ఔషధసంహితనుండి గంజాయి తొలగింపబడినది. ఇందుకు చట్టసంబంధమైన కారణములును కలవు. కాని నిలుకడలేమి వానిలో ఒకటి.

ఆ కాలమున వంగదేశములో గంజాయి సాగుపై ప్రభుత్వ నియంత్రణ లేకపోలేదు. నౌగావ్ ప్రాంతమున లైసెన్సు గల రైతులు మాత్రమే దానిని పండించిరి. పంట ప్రభుత్వ పర్యవేక్షణలోని గోదాములకు చేరెడిది. పొలములో మగ మొక్కలను గుర్తించి పెరికివేయుటకు “పోద్దారు” అను నిపుణుడు ఉండెడివాడు. ఈ సంగతులు 1893-94లో విచారణ జరిపిన హెంపు డ్రగ్సు కమిషను నివేదికలో కలవు. అనుమతి కలదు, కావలి కలదు, నైపుణ్యము కలదు. లేనిది ఒక్కటే: కొలత. సారములో ఎంత బలమున్నదో చెప్పు సాధనము నాడు ఎవరియొద్దను లేదు. 19వ శతాబ్ది చివర కేంబ్రిడ్జి రసాయనజ్ఞులు భారతదేశపు చరసునుండి వేరుచేసిన కన్నబినాల్ అసలు మందు కాదు. మందు పాతబడగా మిగిలిన పదార్థము!

చిన్న తోట, పెద్ద తోట

పది మొక్కలు పెంచువానికి ప్రతి మొక్కయు పరిచితమే. ఆకుపై బూడిద తెగులు మచ్చ కనబడిన దినముననే ఆ ఆకును తీసివేయగలడు. పూవును చేతితో కోసి, చీకటిగదిలో మెల్లగా ఆరబెట్టి, జిగురు బుడగలు రాలకుండ కాపాడగలడు. ఇది చిన్న తోట బలము. కాని అతని పది మొక్కలు పది విధములుగా ఉండవచ్చును; రానున్న పంట ఈ పంటవలె ఉండునన్న హామీ లేదు. ప్రయోగశాల పరీక్షకు పావు కిలోకైనను పది కిలోలకైనను దాదాపు ఒకే రుసుము పడును గనుక చిన్న రైతు పరీక్షను భరించుట కష్టము.

పెద్ద తోట పద్ధతి వేరు. ఒక మంచి తల్లి మొక్కనుండి వేలకొలది కొమ్మలు తీసి నాటుదురు. గులాబి అంటువలె అవన్నియు తల్లికి అచ్చుగుద్దినట్లుండును. ఇది సామాన్యముగా పగటి పొద్దు తగ్గినపుడు పూయు మొక్క. కనుక దినమునకు పండ్రెండు గంటల వెలుగు, పండ్రెండు గంటల చీకటి ఇచ్చి అన్నిటిని ఒకేసారి పూయింతురు. ఉష్ణము, తేమ, ఎరువు యంత్రములే సరిచూచును. ఒక విడత అంతటికిని చేయు పరీక్షల ఖర్చు వేల పొట్లములకు పంచబడును. ఏకరూపతకు ఇంతకన్న మంచి మార్గము లేదు.

అయితే ఏకరూపమగు తోటలో తప్పు కూడ ఏకరూపముగానే వ్యాపించును. ఒకే పోలిక గల మొక్కలకు ఒకే తెగులు లొంగదీయు శక్తి కలిగియుండును. హాప్ లేటెంట్ వైరాయిడ్ అను అతిసూక్ష్మ రోగకారకము గంజాయి మొక్కలలో ఉన్నట్లు 2019లో గుర్తింపబడినది. ఇది సోకిన తల్లి మొక్క పైకి ఆరోగ్యముగానే కనబడవచ్చును. కాని దాని కొమ్మలు నాటిన తోటలో మొక్కలు గిడసబారి, జిగురు పడిపోవచ్చును. గదినిండ క్రిక్కిరిసిన మొక్కలు విడిచిన తేమకు బూడిద తెగులు, పూవు కుళ్ళు తేలికగా వచ్చును. అప్పుడు కోటానుకోట్ల పంటను కాపాడుటకు పురుగుమందువైపు చేయి సాగును.

ఆరబెట్టుటలోను ఇట్టి చిక్కే కలదు. పొగాకు బారను నడుపు రైతుకు ఇది సులభముగా బోధపడును. వేడి త్వరపడినచో పైపొర ఎండి లోపల తేమ మిగులును, సువాసన తైలములు ఎగిరిపోవును. ఆలస్యమైనచో బూజు పట్టును. పది గుత్తులకు చాలిన ఓర్పు పది టన్నులకు చాలదు. యంత్రముతో ఆకులు కత్తిరించినపుడు జిగురు బుడగలు కొంత రాలిపోవును. ఇంతేకాదు, ఒకే మొక్కలో వెలుగు బాగుగా సోకిన పైగుత్తులకును నీడనున్న క్రిందిగుత్తులకును బలములో తేడా ఉండును. కనుక ఏ గుత్తిని పరీక్షకు పంపినారన్నది కూడ ముఖ్యమే.

కంచె, తక్కెడ

గంజాయి సాగుపై గల నియమములు రెండు విధములు. ఒకటి కంచెవంటివి: పంట దొంగలపాలు, మత్తు వ్యాపారుల పాలు కాకుండ కాపాడునవి. రెండవది తక్కెడవంటివి: పంటలో ఏమున్నదో తూచి చెప్పునవి. ఈ రెండును ఒకటే అనుకొనుట పొరపాటు.

ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున 1961లో కుదిరిన మాదకద్రవ్య ఒడంబడిక ముఖ్యముగా కంచె. గంజాయి సాగును అనుమతించు దేశము అందుకొక ప్రభుత్వ సంస్థను ఏర్పరుపవలెను. ఆ సంస్థయే లైసెన్సులు ఇచ్చి, కోత ముగిసిన నాలుగు నెలలలోగా పంటను కొనవలెను. పంట దారి తప్పకుండుటకు ఇది అవసరమే. కాని పూవులో బూజు ఉన్నదా, సారమెంత అనునది ఈ కంచె చెప్పదు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘము గంజాయిని అత్యంత కఠినమైన నాలుగవ పట్టికనుండి తొలగించినను, మొదటి పట్టికలో అది కొనసాగుచున్నది. కంచె నిలిచియే యున్నది.

హాలండు అనుభవము

కంచెకు తక్కెడను జోడించిన దేశములలో హాలండు ముఖ్యమైనది. 2003 సెప్టెంబరు నుండి అచ్చట వైద్యుని చీటీపై మందుల దుకాణములలో గంజాయి పూవు లభించుచున్నది. ఆరోగ్యశాఖకు చెందిన ఔషధ గంజాయి కార్యాలయము, లైసెన్సు గల సాగుదారునుండి పంటను కొని, స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షింపజేసి విడుదల చేయును. రకములు కొద్దియే. ఒకటి ఎక్కువ టి.హెచ్.సి. గలది, ఒకటి టి.హెచ్.సి., సి.బి.డి. రెండును గలది, ఇట్లు ప్రతిదానికి నిర్ణీతమైన శాతము కలదు. మిగిలియున్న సూక్ష్మజీవులను చంపుటకు గామా కిరణములు ప్రసరింపజేయుదురు. ఇందువలన టి.హెచ్.సి., సి.బి.డి. మారలేదనియు, కొన్ని సువాసన తైలములు మాత్రము కొంత తగ్గినవనియు పరీక్షలు తెల్పినవి.

అదే దేశములో “కాఫీ షాపులు” అను దుకాణములలో గంజాయి అమ్మకమును ప్రభుత్వము చూచీచూడనట్లు విడిచిపెట్టియుండెను. కాని వానికి సరుకు చేరవేయుట మాత్రము నేరము. అమ్మకము బహిరంగము, సాగు రహస్యము. 2006లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో ఈ రెండు విధముల సరుకును పోల్చిరి. టి.హెచ్.సి. బలములో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కాని కాఫీ షాపుల నమూనాలన్నిటిలో బాక్టీరియాలో, బూజులో అధికముగా ఉన్నవి. పొట్లముల తూకము కూడ తక్కువ ఉన్నది. మందుల దుకాణపు సరుకు ధర ఎక్కువని మొదట అనేక రోగులు కాఫీ షాపులకే పోవుచుండిరి. బలము సమానముగా తోచుటచే తాము నష్టపోవుచున్నామని వారికి తెలియదు. ఆరోగ్యవంతుడు ఆ బూజును తట్టుకొనవచ్చును. రోగనిరోధకశక్తి లేని రోగి ఆస్పర్జిల్లసు బూజు బీజములను పీల్చినచో ప్రాణాంతకమైన ఊపిరితిత్తుల వ్యాధి రావచ్చును. మత్తు కోరువాడు బలమునే చూచును; వైద్యుడు శుభ్రతను కూడ చూడవలెను.

కెనడా అనుభవము

కెనడా ప్రభుత్వము 2001లో రోగులకు గంజాయిని నియమబద్ధముగా అనుమతించెను. మానిటోబా రాష్ట్రమున ఫ్లిన్ ఫ్లాన్ పట్టణము చెంత భూగర్భములోని ఒక గనిలో పంట వేయుటకు ఒక సంస్థతో ఒప్పందము చేసికొనెను. కంచెకు గనికన్న మంచిచోటు లేదు. కాని తొలి పంటకు పోలీసులు పట్టుకొనిన విత్తనములను వాడుటచే మొక్కలు పలువిధములుగా పెరిగినవి. తరువాత 2003 నుండి రోగులకు పంపిన సరుకు కాడలతో సహా పొడిచేసి యున్నదని పలువురు ఫిర్యాదు చేసిరి. కావలి చక్కగా ఉన్నను గుణము దానంతటదియే రాదని దీనివలన తెలియుచున్నది.

2014 నుండి కెనడా ఈ పనిని లైసెన్సు గల పెద్ద సంస్థలకు విడిచిపెట్టెను. పెద్ద గాజుగృహములు లేచినవి. బూజు, లోహములు, టి.హెచ్.సి. శాతము మున్నగు పరీక్షలు తప్పనిసరి చేయబడినవి. అనుమతి లేని పురుగుమందులు నిషేధింపబడినవి. కాని వానికొరకు ప్రతి విడతను పరీక్షింపవలెనన్న నియమము లేదు. నిషేధించితిమి గనుక వాడరని నమ్మకము. 2016 చివర, 2017 ఆరంభమున కొన్ని సంస్థల సరుకులో మైక్లోబ్యూటానిల్ అను శిలీంధ్రనాశిని బయటపడినది. ఇది కొన్ని తినెడి పంటలపై అనుమతింపబడినదే. కాని పండును కడిగి తిందురు. గంజాయి పూవును కాల్చియో వేడిచేసియో పీల్చుదురు. వేడికి మైక్లోబ్యూటానిల్ విచ్ఛిన్నమైనపుడు హైడ్రోజను సైనైడు వంటి విషవాయువులు వెలువడును. దొరికిన పరిమాణము స్వల్పమేనని ఆరోగ్యశాఖ తెలిపినను, సరుకు వెనుకకు రప్పింపబడినది, రోగుల నమ్మకము సడలినది.

ఆ పిమ్మట 2017లో ప్రభుత్వము ముందు తెలుపకుండ నమూనాలు తీసి పరీక్షింప నారంభించెను. 2019 జనవరి నుండి పురుగుమందుల పరీక్ష తప్పనిసరియైనది. అదే 2019లో ఒక పెద్ద సంస్థ అనుమతి రాని గదులలో కూడ పంట పెంచినట్లు తేలి దాని లైసెన్సు నిలుపబడెను. అనగా, తోట పెరిగిన కొలది తప్పు చేయుటకు ప్రలోభమును పెరుగుచున్నది. కనుక తక్కెడ సాగుదారు చేతిలో మాత్రమే ఉండరాదు.

పూవునుండి తైలమునకు

పెద్ద తోటకు నిజముగా అనువైన పని మరియొకటి కలదు. పూవును పూవుగానే ఇయ్యక, అందలి పదార్థమును వేరుచేసి శుద్ధి చేసినచో పూవుల మధ్యగల తేడా చాలవరకు తొలగిపోవును. బ్రిటనులో 2016 తరువాత నార్‌ఫక్ ప్రాంతమున ఒక చక్కెర కర్మాగారమునకు చెందిన 18 హెక్టారుల గాజుగృహములో టొమాటోలకు బదులు సి.బి.డి. గల గంజాయిని నాటిరి. దానినుండి శుద్ధిచేసిన సి.బి.డి. ద్రావణమునకు అమెరికా ఔషధ పాలనాశాఖ 2018 జూనులో అనుమతి యిచ్చెను. ద్రావే సిండ్రోము అను కఠినమైన మూర్ఛవ్యాధి గల 120 మంది పిల్లలు, యువకులపై జరిగిన పరీక్ష ఫలితములు 2017లో వెలువడినవి. మందు తీసికొనినవారిలో నెలకు వచ్చు మూర్ఛల మధ్యమ సంఖ్య 12.4 నుండి 5.9కి తగ్గగా, మందు లేని ద్రావణము తీసికొనినవారిలో 14.9 నుండి 14.1కి మాత్రమే తగ్గెను.

ఇదే సి.బి.డి. పేరుతో అమెరికాలో కట్టుదిట్టము లేకుండ అమ్మబడు సరుకు సంగతి చూడుడు. 2017లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో 84 సీసాలను పరీక్షింపగా 26 మాత్రమే చీటీపై వ్రాసిన పరిమాణమునకు సరిపోయినవి. 18 సీసాలలో టి.హెచ్.సి. కూడ కనబడినది. మూర్ఛరోగియగు పిల్లవానికి తల్లి అట్టి సీసానుండి చుక్కలు పోసినచో, ఆమె ఇచ్చుచున్నది మందో, మందు లేని నూనెయో, మత్తు పదార్థమో ఎవరికి తెలియును?

తక్కెడ కూడ వంగవచ్చును

పరీక్ష ఉన్నంతమాత్రమున అంతయు సరియగునని చెప్పరాదు. అమెరికాలోని కొన్ని రాష్ట్రములలో టి.హెచ్.సి. శాతము హెచ్చుగానున్న సరుకుకే హెచ్చు ధర పలుకును. పరీక్షకు రుసుము చెల్లించువాడు సాగుదారుడే. ఏ ప్రయోగశాలకు పంపవలెనో నిర్ణయించువాడును అతడే. అందుచేత పెద్ద అంకె చూపు ప్రయోగశాలకు గిరాకి ఏర్పడును. 2023లో కొలరాడో రాష్ట్రపు నమూనాలపై ప్రచురింపబడిన పరిశోధనలో అధికభాగము సరుకులో చీటీపై వ్రాసినదానికన్న టి.హెచ్.సి. తక్కువగానున్నట్లు తేలెను. ఒక్క అంకెనే గుణమనుకొనిన చోట ఆ అంకెయే అబద్ధమాడును.

సారాంశము

ఈ అనుభవములన్నిటిని కలిపి చూచినచో మూడు సంగతులు తేలుచున్నవి. తోట పరిమాణము ఒక గుణకమువంటిది: మంచి పద్ధతిని ఎన్ని రెట్లు చేయునో చెడ్డ పద్ధతిని అన్ని రెట్లు చేయును. నియమము తాను కొలిచినదానినే కాపాడును. కొలువనిదానిని ఎంత గట్టిగా నిషేధించినను కాపాడలేదు. కొలుచువాడు అమ్మువానిపై ఆధారపడినవాడు కారాదు.

భారతదేశమున 1985 నాటి మాదకద్రవ్య చట్టము ప్రకారము ప్రభుత్వ అనుమతి లేనిదే గంజాయి సాగు నేరము. వైద్య, శాస్త్రీయ ప్రయోజనములకు ఆ చట్టమే అవకాశమిచ్చినది. జమ్మూలోని భారతీయ సమీకృత వైద్య సంస్థ కాపలా గల క్షేత్రములో ఈ మొక్కపై పరిశోధన సాగించుచున్నది. ఆంధ్ర ఒడిశా సరిహద్దు మన్యములో దొంగచాటుగా పండునది మాత్రము మందు కాదు. అందులో ఎంత టి.హెచ్.సి. ఉన్నదో, ఏ బూజు ఉన్నదో పండించినవానికిని తెలియదు, కొన్నవానికిని తెలియదు. ఎదుగుచున్న మెదడు గల విద్యార్థి వయస్సువారికి దానివలన కలుగు హాని మరింత ఎక్కువ.

గసగసాల మొక్కకు, డిజిటాలిసు ఆకునకు వర్తించినదే గంజాయికిని వర్తించును. మొక్కలో మందుపదార్థముండుట ప్రకృతి చేసిన పని. దానిని నమ్మదగిన మందుగా చేయుట మానవుడు చేయవలసిన పని. ఆ పనికి తోట చిన్నదైనను పెద్దదైనను, సరియైన కొలత, ఆ కొలతను దాచక చెప్పు నిజాయితీ రెండును కావలెను.